సంవత్సరీకానికి ముందే

నల్లమల అంచు ఊళ్లకు కొన్ని చావులు తేదీలతో సహా గుర్తుంటాయి. కొల్లాపూర్ ప్రాంతంలో, సోమశిల దగ్గర 1993 నవంబర్‌లో మందుపాతర పేలి మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశినాయుడు, మరికొందరు పోలీసులు పోయారు. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఉన్న మద్దిమడుగులో 2001 డిసెంబర్ చివర దేవరకొండ ఎమ్మెల్యే రాగ్యానాయక్‌ను నక్సలైట్లు కాల్చి చంపారు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డినీ, ఆయన కొడుకునూ బలి తీసుకున్నారు.

వీటిలో ఎవరు ఎవరిని ఎందుకు చంపారన్న దాని మీద కావలసినంత రాశాం. ఇంట్లో మిగిలినావిడ గురించి రాసింది తక్కువ.

రాగ్యానాయక్ భార్య భారతి 2002 ఉప ఎన్నికలో దేవరకొండ ఎమ్మెల్యే అయ్యారు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996లో చేర్చిన 151ఏ సెక్షన్ ప్రకారం ఖాళీ అయిన సీటును మామూలుగా ఆరు నెలల్లో నింపాలి. మన ఇళ్లలో సంవత్సరీకం పెట్టేదాకా శుభకార్యం తలపెట్టరు, పండగ చేయరు. ఆ లెక్కన నాయకుడి భార్యకు ఏడాది తిరగకుండానే మైకు ముందు నిలబడాల్సిన రోజు వచ్చేస్తుంది. 2000 మార్చిలో భువనగిరి ఎమ్మెల్యే మాధవరెడ్డి ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరకు బలైతే, ఆ ఏడే అక్కడి నుంచి ఆయన భార్య ఉమా మాధవరెడ్డి గెలిచారు. 2005 జనవరి 24న పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి హత్య జరిగితే, ఆ ఏడే అక్కడ ఆయన భార్య సునీత గెలిచారు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ఇదే నల్లమలలో కూలితే, డిసెంబర్‌కల్లా ఆయన భార్య విజయమ్మ పులివెందుల ఎమ్మెల్యే.

వీళ్లంతా పార్టీ ఆడించిన బొమ్మలని తేల్చేయడం మాకు సమ్మతం కాదు. ఉమా మాధవరెడ్డి, సునీత ఆ తర్వాత మంత్రులుగా పనిచేశారు. మా అభ్యంతరం వేరు. దినవారాలు కాకముందే ముందుగదిలో టికెట్ చర్చ మొదలవుతుంది. చర్చించేవాళ్లు పరాయివాళ్లేం కాదు, మరుదులు, బావలు, ఆయన వెంట తిరిగిన కార్యకర్తలు. "వదినా, నువ్వు నిలబడకుంటే మేమంతా చెల్లాచెదురైతం" అంటారు. అది అబద్ధం కాదు కూడా. ఆ మాటకు ఎదురు చెప్పే ఓపిక ఆ వారంలో ఎవరికుంటుంది?

తర్వాత నామినేషన్. ఇప్పటి అఫిడవిట్‌లో అభ్యర్థి ఆస్తుల పక్కనే జీవిత భాగస్వామి ఆస్తులకూ ఒక గడి ఉంటుంది. నిన్నమొన్నటిదాకా ఆయన అఫిడవిట్‌లో ఆ గడి ఆమెది. ఇప్పుడు తన అఫిడవిట్‌లో అదే గడిలో 'వర్తించదు' అని రాయించి, కింద సంతకం పెట్టాలి. ప్రచార వాహనం మీద ఆయన ఫ్లెక్సీ, దాని కింద ఆమె. ఏడిస్తే ఓట్ల కోసమంటారు, ఏడవకపోతే గుండె రాయంటారు. ఇంత చేసినా సానుభూతి గట్టెక్కిస్తుందన్న భరోసా లేదు. 2020లో భర్త రామలింగారెడ్డి పోయిన మూడు నెలలకే దుబ్బాకలో పోటీ చేసిన సోలిపేట సుజాత వెయ్యి పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు.

ఇంకొందరిని వదిలేశాం. నారాయణపేటలో గన్‌మన్, డ్రైవర్ కూడా పోయారు. సోమశిలలో పోయినవాళ్లలో కానిస్టేబుళ్లున్నారు. వాళ్ల భార్యలకు ఉప ఎన్నిక లేదు, ఉన్నదల్లా ఎక్స్‌గ్రేషియా ఫైలు. అడవిలో ఎన్‌కౌంటర్ పేరుతో శవమై వచ్చినవాడి భార్యకు అదీ లేదు. నాయకుడి భార్య దుఃఖానికి జనం ఎక్కువైతే, వీళ్ల గడపకు పలకరించే మనిషే తక్కువ. ఏది ఎక్కువ బరువని తూచే పని మాది కాదు.

పాలమూరు రచయితలు వలసను రాశారు, కరువును రాశారు. కోడేరు, అచ్చంపేట, గద్వాల వైపు నుంచి రాస్తున్న కొత్తవాళ్లను మేం అడిగేది ఒకటే: ఈ ఇళ్లలోకీ వెళ్లండి. చంపినవాళ్ల సిద్ధాంతం, చచ్చినవాళ్ల పార్టీ గడప బయట వదిలి వెళ్లండి. ఆమె మాట్లాడనంటే లేచి వచ్చేయండి. మాట్లాడితే, ఆమె చెప్పినంతే రాసి, అచ్చుకు ఇచ్చే ముందు ఆమెకు చదివి వినిపించండి. అలా రాసింది ఎంత పొడవున్నా ఈ పత్రిక వేసుకుంటుంది.