ఆ ట్యూన్ టైటాన్‌ది కాదు



టైటాన్ వాచీల ప్రకటన మనందరి చెవుల్లో ఉన్నదే. 1980ల చివర్లో మొదలైన ఆ ట్యూన్ ఇప్పటికీ టీవీలోనో, సినిమా హాల్లోనో వినిపిస్తూనే ఉంటుంది. ఇది ఎవరిదని పిల్లల్ని అడిగి చూడండి. "టైటాన్‌ది" అనేస్తారు.

నిజానికది మోత్సార్ట్‌ది. నేటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో 1773లో ఆయన రాసిన 25వ సింఫనీ మొదటి భాగం నుంచి తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 17 ఏళ్లు. అంటే మన ఇంటర్ సెకండియర్ పిల్లల వయసు! ప్రకటనల కోసం దాన్ని రకరకాలుగా మార్చి వాయించారు. అసలుది వింటే ఆశ్చర్యపోతారు. బహుమతి విప్పుతున్న హాయి అందులో ఉండదు, ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతుంది. 1984లో వచ్చిన 'అమేడియస్' సినిమా మొదట్లోనూ ఇదే వాడారు.

మన సంగీతానికీ ఇదే జరుగుతోంది. 'బ్రోచేవారెవరురా' అంటే పిల్లలకు 2019లో వచ్చిన సినిమా. వాళ్ల అమ్మానాన్నలకు 'శంకరాభరణం'లో పాట. అది మైసూరు వాసుదేవాచార్యులు ఖమాస్ రాగంలో కట్టిన కీర్తన. త్యాగరాజుది అనుకునేవాళ్లూ ఉన్నారు. కర్ణాటకలో పుట్టిన ఆయన తెలుగులో ఎందుకు రాశారని ఒక్క పిల్లవాడు అడిగినా ఒక పీరియడ్ నిండిపోతుంది.

"ఇది ఎగ్జామ్‌ల వస్తదా మేడం?" అని మీరు అడగొచ్చు. రాదు. కష్టపడి ఫీజు కడుతున్నారు, అడగడం న్యాయమే. కానీ నా ఇబ్బంది వేరే ఉంది. ప్రాజెక్ట్ ఇస్తే చాలామంది ఫోన్‌లో మొదట కనిపించిన నాలుగు లైన్లు దించి తెస్తారు. ట్యూన్ దగ్గర "టైటాన్" అని ఆగిపోయే అలవాటూ, ఇదీ ఒకటే. చివరగా వాడుకున్నవాడి పేరే అసలు పేరనుకోవడం.

ఈ అలవాటు మాన్పించడానికి పాఠం కన్నా పాట సులువు, ఎందుకంటే పిల్లలకు తెలుసుకోవాలని నిజంగానే ఉంటుంది. అందుకే ఫోన్ పూర్తిగా లాక్కోకండి. షాజామ్ లాంటి యాప్ మోగుతున్న రికార్డింగ్‌ను తన దగ్గరున్న రికార్డింగులతో పోల్చి పేరు చెబుతుంది. ప్రకటన కోసం కొత్తగా వాయించిన ముక్కయితే అది మూలాన్ని పట్టుకోలేకపోవచ్చు. 2020 నుంచి గూగుల్ యాప్‌లో పది, పదిహేను సెకన్లు కూనిరాగం తీసినా వెతుకుతుంది. పేరు దొరికాక ఇంకో రెండు ప్రశ్నలు మీరు అడగండి: ముందు ఎవరు కట్టారు? ఎప్పుడు? మొత్తం ఒకసారి వినిపించమనండి. ప్రకటనలో వదిలేసిందేమిటో వాళ్లే చెబుతారు. ఇంగ్లిష్‌లో చెప్పమంటే నాకు ఇంకా సంతోషం. విన్నదాన్ని మాటల్లో పెట్టడం కంటే మంచి స్పోకెన్ ఇంగ్లిష్ ప్రాక్టీస్ నాకు తెలియదు.

రాయికల్‌లో చాలా ఇళ్లలో నాన్న దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. రోజూ ఫోన్‌లో "తిన్నవా, చదివినవా" దగ్గరే మాట అయిపోతుంది. ఈసారి పిల్లలతో ఆ ట్యూన్ కూనిరాగం తీయించి వాయిస్ మెసేజ్ పంపించండి, ఇదెక్కడిదో కనుక్కోమని. నాయనమ్మను కూడా అడగమనండి. పెళ్లిళ్లలో సన్నాయి మీద విన్న కీర్తనల్లో ఒకటైనా ఆమె గుర్తుపట్టొచ్చు, అది ఏ యాప్‌లోనూ దొరకకపోవచ్చు.