చెప్పు సముద్రం దాటింది, కుట్టిన చెయ్యి వాడ దాటలేదు

2025 జూన్‌లో ఇటలీ దేశం మిలాన్ నగరంలో ప్రాడా అనే పెద్ద కంపెనీ తన కొత్త సరుకు ప్రదర్శన పెట్టింది. ఆ ప్రదర్శనలో నడిచిన కుర్రాళ్ల కాళ్లకు అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటి చెప్పులున్నాయి. కంపెనీ వాటికి రాసుకున్న పేరు మాత్రం వుత్త 'తోలు చెప్పులు'. కొల్హాపూర్ అన్న మాట లేదు. ఇండియా అన్న మాట లేదు. తరతరాలుగా ఆ చెప్పు కుడుతున్నోళ్ల మాట అసలే లేదు.

దేశమంతా గగ్గోలు లేచింది. మన సంస్కృతిని దొంగిలించారని పత్రికలు రాశాయి, టీవీలు అరిచాయి. కంపెనీ దిగొచ్చింది. ఇండియా చేతిపని చెప్పుల్ని చూసే వాటిని చేశామని మహారాష్ట్ర వర్తక సంఘానికి వుత్తరం రాసింది. 2025 డిసెంబర్‌లో మహారాష్ట్ర, కర్ణాటక తోలు పరిశ్రమల కార్పొరేషన్లతో వొప్పందం చేసుకుంది. ఆ రెండు రాష్ట్రాల్లో 2,000 జతలు చేయిస్తామనీ, 2026 ఫిబ్రవరి నుంచి తన దుకాణాల్లో అమ్ముతామనీ ప్రకటించింది. జత ధర దాదాపు 800 యూరోలు. మన లెక్కలో 80 వేల రూపాయల పైమాటే.

వొప్పందం రావడం మంచిదే. కానీ మేం అడిగేది వేరే వుంది. 'మన సంస్కృతి' అన్నారు గదా, ఆ 'మన'లో మేం ఎప్పట్నుంచి వున్నాం? కొల్హాపురి చెప్పు చేసేది చంభార్లు, ఢోర్లు, సమగారలు. తోలు పనిచేసే అంటరాని కులాలు. మన దగ్గర మాదిగ వాడ ఎక్కడ వుందో అక్కడా వాళ్ల వాడ అక్కడే, వూరి బయటే. 2016 జూలైలో గుజరాత్‌లోని వూనాలో చచ్చిన ఆవు తోలు వొలిచారని దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. ఆ తోలు వొలిచే చేతికి దెబ్బలు. అదే తోలు సముద్రం దాటితే దేశానికి గౌరవం, విదేశీ మారకం. తోలుకున్న అంటు ఓడెక్కగానే పోతుంది. తోలు పనిచేసినోడి అంటు మాత్రం పోదు. ఇదేం న్యాయమో పెద్దలు చెప్పాలి.

విదేశీ బజారంటే మనకు తెలవని మంత్రమేమీ కాదు. మన వారం సంతే, పెద్దదైంది. తేడా ఏందంటే, సంతలో కుట్టినోడూ కొనేటోడూ ఎదురెదురు నిలబడి బేరమాడుకుంటారు. అక్కడ ఇద్దరి నడుమ నలుగురైదుగురు నిలబడతారు. కుట్టినోడి దగ్గర జత లెక్కన కొనే షావుకారు. ఆయన దగ్గర కొని ఓడకెక్కించే ఎగుమతిదారు. అవతలి దేశంలో సుంకం కట్టి సరుకు దించుకునే దిగుమతిదారు. దానిమీద తన ముద్ర వేసుకునే కంపెనీ. ఆఖరున అద్దాల దుకాణం.

వీళ్లందరి చేతుల్లోనూ కాగితాలున్నాయి. ఎగుమతిదారుకు కేంద్ర ప్రభుత్వమిచ్చిన కోడ్ నెంబరు వుంది. డబ్బు ఎక్కడికీ పోకుండా బ్యాంకు రాసిచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ వుంది. సరుకు దేశం దాటినందుకు సుంకాలు తిరిగిచ్చే డ్రాబ్యాక్ వుంది. అది ఎగుమతిదారు ఖాతాలోనే పడుతుంది. కంపెనీకి ట్రేడ్‌మార్క్ వుంది. ఏ కాగితమూ లేనోడు కుట్టినోడొక్కడే. వాడి చేతిలో ఆరె వుంది, రంపె వుంది. బిల్లు లేదు. సరుకు వాపసొస్తే మొదట కూలి ఆగేది వాడికే. సరుకు అమ్ముడుపోతే మొదట మర్చిపోయేదీ వాణ్ణే.

ఇది యివాళ మొదలైన సంగతి కాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన పల్లెల తోలు, మాదిగ లందల్లో తంగేడు చెక్కతో వూరిన తోలు, మద్రాసు రేవు నుంచి లండన్ పోయింది. అక్కడి బజారులో దానికి 'ఈస్టిండియా తోలు' అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్ల కోసం ఆ తోలును ప్రభుత్వమే పట్టుబట్టి కొన్నది. పేరు ఈస్టిండియాది, లాభం వర్తకులది, లంద కంపు మాత్రం మాదిగది. 1973లో భారత ప్రభుత్వం సగం పదును చేసిన తోలు ఎగుమతికి పరిమితులు పెట్టింది. తయారైన సరుకే పంపాలి, అప్పుడే దేశానికి నాలుగు డబ్బులు మిగులుతాయంది. మాట నిజమే. కానీ తయారైన సరుకుకు యంత్రాలు కావాలి, పెట్టుబడి కావాలి, బ్యాంకు అప్పు కావాలి. అవి వున్నోళ్లు ఫ్యాక్టరీలు పెట్టారు. లేనోళ్లు ఆ ఫ్యాక్టరీల్లో కూలీలయ్యారు. తోలుపనికి తరాల తరబడి అంటరానిది అని పేరు పెట్టినోళ్లకే, లాభం కనపడగానే, అది పరిశ్రమ అయ్యింది.

వూళ్లో బేరం కూడా పోయింది. మోటలు పోయి మోటార్లొచ్చాయి, మోట తోలు కుట్టే పని పోయింది. రబ్బరు చెప్పులొచ్చి కిర్రు చెప్పుల్ని తరిమేశాయి. చేతిపని విలువ తెలిసి కొనేటోడు యిప్పుడు దూర దేశంలోనే ఎక్కువ. కాబట్టి ఆ బజారును వొదులుకునే స్థితిలో మనం లేం.

దీనికి మన ఉద్యమంలోనే ఒక అభ్యంతరం వుంది. 'చచ్చిన గొడ్డు పని మానెయ్యమని బాబాసాహెబ్ చెప్పాడు గదా, మళ్లీ మమ్మల్ని లంద కాడికి పొమ్మంటారా?' అని సోదరులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. 1927 మహద్ నుంచీ ఆయన చెప్పింది అదే. అవమానపు పని విడవమన్నాడు. మేం కూడా ఎవర్నీ లంద కాడికి పొమ్మనడం లేదు. చదువుకునేటోళ్లు చదువుకోవాలి, ఆఫీసుల్లో కూర్చోవాలి. కానీ మానెయ్యమన్నది వెట్టిని, బానిసతనాన్ని. మన నైపుణ్యం మీద పుట్టిన సంపదను యితరులకు రాసిచ్చెయ్యమని ఆయన ఎక్కడా చెప్పలేదు. రూపాయి సమస్య మీద 1923లోనే పెద్ద గ్రంథం రాసిన మనిషి ఆయన. విదేశీ మారకం లెక్కలు మనకు సంబంధం లేనివని ఆయన పేరు చెప్పి ఎవరూ అనలేరు. మనకు కావాల్సింది కులవృత్తి కాదు, వ్యాపారం. ఆ బిడ్డలు ఆరె పట్టకపోయినా ఫరవాలేదు. ఎగుమతి లెక్కల పుస్తకం పట్టాలి.

అది జరగదా? జరిగింది. బెళగావి జిల్లా అథణిలో కొల్హాపురి చెప్పులు చేసే కుటుంబాల ఆడోళ్లు సంఘాలు కట్టుకుని, 'టోహోల్డ్' అని సొంత ముద్ర పెట్టుకుని విదేశాలకు అమ్మారు.

కొల్హాపురి చెప్పుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రలో 4, కర్ణాటకలో 4 జిల్లాల్లో చేసిందే కొల్హాపురి అని చట్టం. అయితే రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. ఒకటి, ఆ చట్టం మన దేశ సరిహద్దు దాకే. ఇటలీలో దానంతటది పనిచెయ్యదు. రెండు, ఆ గుర్తింపు రెండు కార్పొరేషన్ల పేర వుంది, కుట్టేటోళ్ల పేర లేదు. ప్రాడా మీద కొందరు లాయర్లు వ్యాజ్యం వేస్తే, హక్కుదారు మీరు కాదని 2025 జూలైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. హక్కు ఎవరి పేర రాసుందో వాడే కోర్టుకు పోగలడు. భూమి పట్టాకూ దీనికీ తేడా లేదు.

మన లంద పద్ధతికి బయట విలువ పెరిగిన మాట కూడా చెప్పాలి. జర్మనీ 1990లలోనే కొన్ని అజో రంగుల్ని నిషేధించింది. 2015 నుంచి యూరప్ దేశాలు ఒంటికి తగిలే తోలు సరుకులో క్రోమియం-6 అనే విషం కిలోకు 3 మిల్లీగ్రాములకు చేరకూడదన్నాయి. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో పదును చేసిన తోలులో క్రోమియం వాడకమే లేదు. కంపు అని ముక్కు మూసుకున్న విద్యకు యిప్పుడు గిరాకీ వుంది. ఆ గిరాకీ షావుకారుకు తెలుసు. వాడకు తెలవాలి.

అందుకే మా డిమాండ్లు యివి:

1. కొల్హాపూర్ సోదరులకు: 80 వేల జతలో కుట్టిన చేతికెంతో ఆ అంకె వాడల్లో అందరి ముందు చదివి వినిపించమని అడగండి. చెప్పు మీద చేసినోళ్ల వూరి పేరు వుండాలని పట్టుబట్టండి. మీ పోరాటం మా పోరాటం.

2. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు: తోలు కార్మికుల కోసమని లిడ్‌క్యాప్ 1973లో పుట్టింది. రాష్ట్రం చీలాక అదీ చీలింది. యిన్నేళ్లలో మాదిగ సంఘాల పేరున ఎన్ని జతలు దేశం దాటాయో లెక్క చెప్పండి. సరుకు పరీక్ష, విదేశీ ప్రదర్శనల ఖర్చు, ఆర్డరు మీద అప్పు కార్పొరేషనే భరించాలి.

3. మన సంఘాలకు: ఎగుమతి కోడ్ తీసుకోవడానికి ప్రభుత్వ రుసుము 500 రూపాయలు. పాన్ కార్డూ, బ్యాంకు ఖాతా వుండాలి. జిల్లాకొక సంఘమైనా ఈ ఏడాది తన పేరున తీసుకోవాలి. కోడ్ తీసుకోగానే ఆర్డరొస్తుందని మేం అబద్ధం చెప్పం. కానీ అది లేకుండా షావుకారు గుమ్మం ముందు నిలబడటం తప్పదు.

దేశం పరువు కోసం కాదు మేం అడుగుతున్నది. మన తోలు, మన చెయ్యి, మన లెక్క. ఈ మూడోది యిన్నాళ్లూ మన దగ్గర లేదు. దాని కోసం కదలండి.

జై భీం!