కొన్నది ఒకటి, వచ్చినది ఒకటి

ఇంటర్నెట్టులో బొమ్మ చూచి, కోయంబత్తూరు పాతకార్ల వర్తకునొద్ద '1960 నాటి మొదటి రకం అంబాసిడర్' కొన్నాము. బండి హోసూరులో దిగగానే మా మామగారు ముందుజాలీ చూచి, "ఇది రెండవ రకమే" అని నవ్వారు. ఆర్‌సీ పుస్తకములో 1968 అని ఉన్నది. (అది చూడక డబ్బు పంపుట మా తెలివి!)

"చూచుకొని కొనవలసినది" అన్నాడు వర్తకుడు. ప్రకటనను అచ్చు తీయించి, స్పీడుపోస్టులో వాపసు కోరినాము. బదులు లేదు.

2019 వినియోగదారుల చట్టము ప్రకారము కొన్నవారు తమ జిల్లా కమిషనులోనే, రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవచ్చును. కోయంబత్తూరు తిరుగనక్కర లేదు. అమ్మినవాడు వర్తకుడు కాక మనవంటి గృహస్థుడైతే మాత్రము 1930 నాటి సరుకుల విక్రయ చట్టము, సివిలు కోర్టు.

మా ఫిర్యాదు కృష్ణగిరిలో దాఖలైనది. బండి వాకిట గోనెపట్టా క్రింద ఉన్నది. తోలలేదు, పేరూ మార్పించలేదు.