అర్థమైంది సరే.. రాయగలరా?

‘లింక్డ్ లిస్ట్‌ను రివర్స్ చేసి చూపించండి’ అంటూ తెల్లకాగితం, పెన్ను ముందు పెట్టారు. ఫైనల్ ఇయర్‌లో నేను హాజరైన తొలి టెక్నికల్ రౌండ్ అది. ప్రశ్న కొత్తదేమీ కాదు. అంతకు ముందు వారమే దాని వీడియో రెండుసార్లు చూశాను. చూస్తున్నంతసేపూ ‘ఓహో, ఇంతేనా’ అని తల ఊపాను. తీరా పెన్ను పట్టుకున్నాక, మూడు పాయింటర్లు వాడాలన్నది తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. ‘చదివాను సార్, టెన్షన్‌లో మర్చిపోయాను’ అని చెప్పి బయటికొచ్చేశాను.

అది టెన్షన్ కాదని తెలియడానికి చాలాకాలం పట్టింది. మర్చిపోవాలంటే ముందు నేర్చుకుని ఉండాలి కదా! నేను చేసింది నేర్చుకోవడం కాదు, వేరొకరు చేస్తుంటే చూడటం. ప్లేస్‌మెంట్ సీజన్‌లో ప్లేలిస్టులకు ప్లేలిస్టులు పూర్తి చేస్తున్న తమ్ముళ్లను, చెల్లెళ్లను చూస్తే నాకు ఆ తెల్లకాగితమే గుర్తొస్తుంది. మనలో లోపం తెలివితేటల్లో లేదు, చదివే పద్ధతిలో ఉంది. ఈ మాట సైకాలజిస్టులు ఎప్పుడో ప్రయోగాలు చేసి మరీ చెప్పారు.

పద్నాలుగుసార్లు చదివినవారు ఓడిపోయారు

అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికీ 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు ఒక సైన్స్ పాఠం ఇచ్చారు. ఒక బృందం దాన్ని నాలుగు విడతల్లో చదువుతూనే ఉంది. సగటున ఒక్కొక్కరూ 14 సార్లు చదివారు. ఇంకో బృందం ఒక్క విడతే, అంటే మూడు నాలుగుసార్లు చదివింది. మిగతా మూడు విడతల్లో పాఠం పక్కన పెట్టేసి, గుర్తున్నదంతా కాగితం మీద రాసింది.

ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, చదువుతూ కూర్చున్నవారు 83 శాతం గుర్తుపెట్టుకున్నారు. రాసినవారు 71 శాతమే. కానీ వారం తర్వాత కథ తిరగబడింది. చదివినవారు 40 శాతానికి పడిపోయారు. రాసినవారు 61 శాతం దగ్గర నిలబడ్డారు. అసలు విషయం ఇంకొకటుంది. ‘వారం తర్వాత ఎంత గుర్తుంటుంది?’ అని ముందే అడిగితే, ఎక్కువ ధీమాగా ఉన్నది పదేపదే చదివినవారే!

మన ఇంజినీరింగ్ చదువు మొత్తం ఈ ఒక్క ప్రయోగంలో కనిపిస్తుంది. రాత్రంతా మేలుకుని చదివి, పొద్దున్నే సెమిస్టర్ పరీక్ష రాసేస్తాం. పాసైపోతాం. అంటే మనం ఎప్పుడూ ‘ఐదు నిమిషాల తర్వాత’ పరీక్షే రాశాం. అందుకే ఆ పద్ధతి పనిచేస్తుందని నాలుగేళ్లూ నమ్మాం. ఇంటర్వ్యూ మాత్రం రెండో సంవత్సరంలో చదివిన డేటా స్ట్రక్చర్స్‌ను నాలుగో సంవత్సరంలో అడుగుతుంది. అక్కడ దొరికిపోతాం.

జర్మన్ సైకాలజిస్ట్ హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే దీనికి లెక్క కట్టాడు. అర్థం లేని అక్షరాల జాబితాలను తనే బట్టీ పట్టి, తన మతిమరుపును తనే కొలుచుకున్నాడు. ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజుల మీద పంచుకుంటే 38 సార్లకే వచ్చింది. ‘టైమ్ లేదు’ అనేవాళ్లు ముందుగా చూడాల్సిన లెక్క ఇది.

పాత చట్రం బద్దలవ్వాలి

గుర్తుంటే సరిపోతుందా? చాలదు. ఆలోచన కూడా మారాలి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో జీవితమంతా పరిశీలించిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే రెండు దారులు చెప్పాడు. కొత్త విషయాన్ని మనకు తెలిసిన చట్రంలో ఇమిడ్చేయడం ఒకటి. ఇమడకపోతే ఆ చట్రాన్నే మార్చుకోవడం రెండోది.

సీ లాంగ్వేజ్ చదివేటప్పుడు ‘వేరియబుల్ అంటే ఒక డబ్బా, అందులో విలువ ఉంటుంది’ అని నేర్చుకుంటాం. తర్వాత పైథాన్‌లో ‘ఏ’ అనే లిస్టును ‘బీ’కి ఇచ్చి, ‘బీ’లో ఒక అంకె కలుపుతాం. ‘ఏ’ కూడా మారిపోతుంది! డబ్బా చట్రం ఇక్కడ పనిచేయదు. పైథాన్‌లో వేరియబుల్ డబ్బా కాదు, వస్తువుకు అంటించిన పేరు. ఒకే లిస్టుకు రెండు పేర్లు ఉండొచ్చు. ఇది తట్టే ముందు కాసేపు చిరాకేస్తుంది. ‘నాకు కోడింగ్ రాదేమో’ అనిపిస్తుంది. చాలామంది సరిగ్గా అక్కడే ఆగిపోయి, ఇంకో ఈజీ వీడియో వెతుక్కుంటారు. ఆ చిరాకు ఓటమి కాదు, చట్రం మారుతోందనడానికి గుర్తు.

పరంజా ఉండాలి.. తీసేయాలి కూడా

అలాగని ఒంటరిగా గంటల తరబడి తల పట్టుకోమని కాదు. పియాజే పుట్టిన 1896లోనే రష్యన్ సామ్రాజ్యంలో పుట్టిన లెవ్ వైగోట్‌స్కీ, సాయం విలువ చెప్పాడు. మనం సొంతంగా చేయగలిగేది ఒకటుంటుంది, ఎంత సాయం చేసినా చేయలేనిది ఇంకొకటుంటుంది. ఈ రెండింటి మధ్య, తెలిసినవారు కొంచెం చేయందిస్తే చేయగలిగే జాగా ఉంది. ఎదుగుదల జరిగేది అక్కడే. ఈ సాయాన్ని 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే పరిశోధకులు పరంజాతో పోల్చారు. గోడ లేచేదాకా పరంజా కావాలి. కానీ పరంజానే గోడ అనుకుంటే ఎలా?

ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఏఐ చాట్‌బాట్ ఉంది. ప్రశ్న పేస్ట్ చేస్తే పూర్తి కోడ్ వచ్చేస్తుంది. చదివితే అర్థమవుతుంది కూడా. నేను తల ఊపుతూ చూసిన వీడియో లాంటిదే ఇదీ. దాన్ని వద్దనను, నేనూ రోజూ వాడతాను. కానీ అడిగే తీరు మార్చండి. ముందు ఇరవై నిమిషాలు మీరే ప్రయత్నించండి. తర్వాత ‘నా లాజిక్ ఎక్కడ తప్పిందో చెప్పు, జవాబు ఇవ్వకు, ఒక్క హింట్ చాలు’ అనండి. సీనియర్‌ను అడిగినా ఇదే పద్ధతి. మర్నాడు ఆ ప్రోగ్రామ్‌ను ఏ సాయమూ లేకుండా మళ్లీ రాయండి. మూడు రోజులకోసారి, వారానికోసారి తిరిగి చూడండి.

కాలేజీలకూ ఒక మాట. చివరి రెండు నెలల్లో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ పేరుతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులు కుక్కేస్తే, ఆ హాజరు పట్టిక తప్ప మిగిలేది తక్కువ. రెండో సంవత్సరం నుంచే వారానికి పది నిమిషాల చిన్న పరీక్ష పెట్టండి. మార్కులు వద్దు, ర్యాంకులు అసలే వద్దు. ఇప్పటిదాకా పరీక్షను పిల్లల్ని వడపోయడానికే వాడాం. అది నేర్పే పరికరం కూడా అని గుర్తిస్తే, ఖర్చు లేకుండా ఎంతోమందికి మేలు జరుగుతుంది.

మీరు మాత్రం కాలేజీ మారేదాకా ఆగొద్దు. ఈ రాత్రి ఏ టాపిక్ చదివినా, పుస్తకం మూసి, ఫోన్ బోర్లించి, ఒక తెల్లకాగితం తీసుకోండి. గుర్తున్నదంతా రాయండి. మొదటి రోజు సగం పేజీ కూడా నిండకపోవచ్చు. సిగ్గుపడాల్సిన పని లేదు, అక్కడ మీరు తప్ప ఎవరూ లేరు. ఆ ఖాళీ ఇంటర్వ్యూ గదిలో బయటపడటం కన్నా, మీ గదిలో బయటపడటమే మంచిది.