బాలి బాబు కట్టిన ‘వర్ణం’

పిల్లలు ఓ పాటని రెండుసార్లు విని కీబోర్డు మీద పలికించేస్తే ఎంత మురిసిపోతామో కదండీ! ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ వాయించమంటాం. తీరా పదో తరగతి వచ్చేసరికి ఆ కీబోర్డు కాస్తా అటకెక్కుతుంది. ఇండోనేషియా పియానో కళాకారుడు జోయీ అలెగ్జాండర్ కథ వింటే, పిల్లల సరదా విద్యగా మారడానికి పెద్దవాళ్లు చేయాల్సింది ఎంతుందో తెలుస్తుంది.

జోయీ 2003లో బాలి దీవిలోని డెన్‌పసార్‌లో పుట్టాడు. వాళ్ల నాన్నగారికి జాజ్ సంగీతమంటే ప్రాణం. ఇంట్లో ఆ రికార్డులు మోగుతూ ఉండేవి. బాబుకి ఆరేళ్లప్పుడు చిన్న కీబోర్డు కొనిస్తే, థెలోనియస్ మంక్ అనే మహా విద్వాంసుడి బాణీని విని, తనంతట తనే వాయించేశాడట!

జాజ్‌లో ముందు పాట బాణీ వాయిస్తారు. ఆపైన అప్పటికప్పుడు మనసుకి తోచినట్టు అల్లుకుపోతారు. మన కచేరీల్లో కల్పనస్వరాలు లేవూ? ఇంచుమించు అలాగన్నమాట. పుస్తకం చూసి ఒంటరిగా నేర్చుకుంటే చాలదు, తోటివాళ్లతో కలిసి వాయించాలి. అందుకే అమ్మానాన్నలు బాబుతో జకార్తాకి మారారు. 2013లో ఉక్రెయిన్‌లోని ఒడెస్సాలో, పెద్దవాళ్లూ పాల్గొన్న పోటీలో జోయీ ప్రధాన బహుమతి కొట్టేశాడు. అతని వీడియో చూసిన ట్రంపెట్ విద్వాంసుడు వింటన్ మార్సాలిస్ 2014లో న్యూయార్క్‌ కచేరీకి పిలిచారు. ఆ ఏడాదే కుటుంబమంతా అక్కడికి తరలింది. 2015లో తొలి ఆల్బమ్ ‘మై ఫేవరిట్ థింగ్స్’ వచ్చింది. 12 ఏళ్లకే రెండు గ్రామీ నామినేషన్లు! బహుమతి మాత్రం రాలేదు.

అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. ‘బాల మేధావి’ అన్న పేరు మీసాలొచ్చేదాకే కదా! జోయీ తన సొంత బాణీల మీద దృష్టి పెట్టాడు. 2020లో వచ్చిన ‘వార్నా’లో చాలామటుకు తను కట్టినవే. 2022 నాటి ‘ఆరిజిన్’లో అన్నీ తనవే. అన్నట్టు, ఇండోనేషియా భాషలో ‘వార్నా’ అంటే రంగు. సంస్కృతం నుంచి అక్కడికి వెళ్లిన మన ‘వర్ణం’ మాటే సుమా!

అందరి పిల్లలూ జోయీలు కానక్కర్లేదు, మనం ఊళ్లు మారనూ అక్కర్లేదు. ఇంట్లో రోజూ కాసేపు మంచి సంగీతం వినపడనిస్తే చాలు. మీ వాడు పోటీ నుంచి వట్టి చేతులతో వస్తే చిన్నబుచ్చకండి. “నీ సొంతంగా ఏదైనా కట్టి వినిపించరా” అని అడిగి, వంటింటి పని కాస్త ఆపి వినండి. ఏమంటారు?