కోళ్ల గూటికి కరెంటు తీగా?

పొద్దుగూకితే కోడి తనంతట తానే గూటికి చేరుతుంది. చీకట్లో దానికి చూపు ఆనదు. గూట్లోకి ఏది దూరినా ఎగరలేక, పారిపోలేక కూర్చున్న చోటే దొరికిపోతుంది. అందుకే అడవి పిల్లి ఒక రాత్రి గూట్లో పడిందంటే తినేది ఒకదాన్నే అయినా చంపేది చేతికందినన్నిటినీ. మెడలు కొరికి పడేసిన కోళ్లను తెల్లవారి చూసిన ఇల్లాలి కడుపు మండకుండా ఎలా ఉంటుంది? ఆ కడుపుమంటలో మగవాళ్లకు తోచే ఉపాయం ఒకటుంది. ఇంట్లోంచి వైరు లాగి గూటి చుట్టూ ఇనుప తీగకు కలిపేయడం. అడవి పందుల కోసం చేను గట్టున కట్టే తీగకు, దీనికి తేడా ఒక్కటే: ఇది మనుషులు పడుకునే చోట ఉంటుంది.

తాడిపత్రి చుట్టుపక్కల కోడి అంటే సరదా వ్యవహారం కాదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా ఇంటి ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు ఆడేది దొడ్లో తిరిగే పెట్టల వల్లనే. గింజలకని విడిగా ఖర్చు పెట్టేది తక్కువ, అమ్మితే బ్రాయిలర్ కంటే ఎక్కువే వస్తుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు దాదాపు 31.7 కోట్లు, 2012 నాటి లెక్క కంటే దగ్గర దగ్గర 46 శాతం ఎక్కువ. కోళ్లు పెరిగాయి. వాటికి తగ్గ గూళ్లు కట్టామా అన్నదే అనుమానం. ఇప్పటికీ చాలా ఇళ్లలో రాత్రి కాపలా అంటే బోర్లించిన గంప, దాని మీద ఒక రాయి. అడవి పిల్లి, గుంటనక్క, పునుగు పిల్లి దాక్కోవడానికి పెన్న ఒడ్డున సర్కారు తుమ్మ పొదలున్నాయి, వదిలేసిన బండల గనులున్నాయి. ఊరికుక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. గంపను మూతితో ఎత్తడం వాటికొక లెక్కా?

కరెంటు దగ్గరికే మళ్లీ వద్దాం, ఎందుకంటే అక్కడ పోయేది మనిషి. ఇంటి లైనులో వచ్చేది 230 వోల్టులు. తీగ పట్టుకున్న చేతి కండరాలు బిగుసుకుపోతాయి, వదిలేద్దామన్నా వదలవు. సోలార్ కంచెలో కరెంటు క్షణంలో చిన్న భాగం మాత్రమే కొట్టి ఆగుతుంది, జంతువు బెదిరి వెనక్కి పోతుంది. ఇంటి లైను అలా ఆగదు. ‘బోర్డులో ఎంసీబీ ఉంది కదా, అదే పడిపోతుందిలే’ అన్న ధీమా ఇంకా ప్రమాదం. ఎంసీబీ పడేది షార్ట్ అయినప్పుడు, లోడు మించినప్పుడు. మనిషి ఒంట్లోంచి భూమికి పోయే కాస్త కరెంటును అది పసిగట్టలేదు. మనిషిని చంపడానికి ఆ కాస్త చాలు. దాన్ని పట్టేది ఈఎల్‌సీబీ, అది ఎన్ని ఇళ్లలో ఉంది? ఎండాకాలం ఇంటిల్లిపాదీ ఆరుబయట పడుకుంటారు. నడిరాత్రి కోళ్లు కెక్కెక్కెమంటే ముందు లేచేది ముసలామె. నిద్రమత్తులో, వట్టి కాళ్లతో, సాయంత్రం నీళ్లు చల్లిన నేల మీద నడుచుకుంటూ గూటి దగ్గరికే పోతుంది. తీగ పెట్టిన కొడుకు ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాడనుకున్నా, పక్కింటి పిల్లవాడికి ఎవరు చెప్పాలి? నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత కింద అయిదేళ్ల దాకా జైలు. స్తంభం మీద కొక్కెం తగిలించి లాగితే 2003 విద్యుత్ చట్టం కింద దొంగతనం కేసు అదనం.

తీగకు భయపడ్డవాళ్లు కొందరు గుళికల వైపు చూస్తారు. చచ్చిన కోడికి పురుగు మందు గుళికలు కూరి గూటి పక్కన పెడితే పిల్లి తిని చస్తుందని లెక్క. ఆ మాంసం మీద పిల్లి పేరు రాసి ఉండదు. కాకి వాలుతుంది, పక్కవాళ్ల కుక్క ఎత్తుకుపోతుంది, చీనీ తోటలో తిరిగే నెమలి పొడుస్తుంది, మిగిలింది తెల్లారి మన కోళ్లే కెలుకుతాయి. ఇలాంటి పనులకు వాడుతూ వచ్చిన ఫోరేట్ గుళికలను కేంద్రం 2020 డిసెంబరు 31 తర్వాత పూర్తిగా నిషేధించింది. పాత డబ్బా ఏదైనా అటక మీద మిగిలి ఉంటే అది పిల్లల చేతికి అందే చోటే ఉందని గుర్తుంచుకోవాలి. అడవి పిల్లిని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. ఆ పిల్లి ఏడాది పొడుగునా తినేది ఎక్కువగా ఎలుకలనే. చేలల్లో ఎలుకలతో వేగలేని రైతు దాన్ని చంపి బావుకునేది ఏమిటి?

ఎలుకలంటే పామును తలుచుకోక తప్పదు. గూటి దగ్గర రాలిన గింజలకు ఎలుకలు, పందికొక్కులు వస్తాయి. వాటి వెనకే పాము. గుడ్లకు, పిల్లలకు నేరుగా వచ్చే నాగుపాము వేరే. మన ప్రాంతపు రాతి నేలల్లో బండల సందున దాగే చిన్నపింజర మరొకటి. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోతున్నారని తేల్చింది. ఎక్కువ చావులు జరిగే రాష్ట్రాల వరుసలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఉంది. చీకట్లో గంప ఎత్తి గుడ్డు కోసం తడిమే చెయ్యి ఈ లెక్కలో చేరడానికి ఎంతసేపు? కట్లపాము సంగతి మరీ మోసం. కాటు దగ్గర వాపు ఉండదు, నొప్పీ పెద్దగా ఉండదు, చీమ కుట్టిందనుకుని పడుకుంటారు. తెల్లవారేసరికి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది. అప్పుడు పసరు కోసం, మంత్రం కోసం తిరిగితే ఉన్న కాస్త సమయం కూడా పోతుంది. కట్టు బిగించొద్దు, కోయొద్దు, కదలనివ్వొద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒకటే, పాము ఏదో తెలియలేదని ఆగనక్కర్లేదు. ఫినాయిల్, వెల్లుల్లి చల్లితే పాము రాదన్న నమ్మకం మాత్రం వట్టిది. టార్చిలైటుకు పెట్టే డబ్బు దానికంటే మేలు.

ఇన్ని తిప్పలకూ మూలం గూడు సరిగా లేకపోవడమే. తాడిపత్రి లాంటి నాపబండల ఊరిలో గూటికి సరుకు లేదనడం నవ్వులాట. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర అంచులు విరిగిన బండలు కుప్పలుగా పడుంటాయి. మూడు వైపులా నిలువు బండలు, పైన ఒక బండ, కింద ఒక బండ వేస్తే కుక్క గోకలేదు, పందికొక్కు తవ్వలేదు. నేలబండ లేకపోతే గూటి చుట్టూ అడుగు లోతున జాలిని పూడ్చాలి. బండల మధ్య సందుల్ని సిమెంటుతో మూయాలి, లేకపోతే పింజరకు మనమే ఇల్లు కట్టించినట్టు. ముందు వైపు జాలి గురించి ఒక మాట. షాపుల్లో కోళ్ల జాలి అని అమ్మే ఆరు మూలల కన్నాలది కోడిని బయటికి పోనివ్వదు, అంతే. కుక్క దాన్ని పళ్లతో చింపుతుంది, పాము తాపీగా దూరుతుంది. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ వేస్తేనే రెంటికీ ఆట కట్టు. గడియ ఒకటే ఉంటే మూతితోనో పంజాతోనో ఎత్తేస్తాయి కనుక గడియకు కొక్కెం కూడా పెట్టాలి. ఒక చిక్కు మాత్రం ఉంది: మే నెలలో బండ గూడు పొయ్యిలా కాలుతుంది. పై బండ కింద నాలుగు వేళ్ల మేర జాలి వేసి గాలి ఆడనివ్వాలి, చెట్టు నీడ లేని చోట కట్టకూడదు. గింజలు రాత్రి గూట్లో ఉంచకపోతే ఎలుకల బెడద సగం తగ్గుతుంది.

ఊరు చెయ్యాల్సిన పని ఊరిది. మాంసం దుకాణాల వ్యర్థాలు పారబోసిన చోటే కుక్కల మంద తయారవుతుంది. అక్కడ కడుపు నిండని రాత్రి దొడ్ల మీద పడుతుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకు శస్త్రచికిత్స, రేబిస్ టీకా వేయించే బాధ్యత స్థానిక సంస్థలది. కోడిని విడిపించబోయి కుక్క చేతనో అడవి పిల్లి చేతనో గీరించుకున్నవాళ్లు సబ్బు నీళ్లతో పావుగంట కడిగి ఆ రోజే టీకాకు పోవాలి. పిల్లి కొరికి వదిలేసిన కోడిని ‘ఎందుకు పారెయ్యడం’ అని వండుకునే ఇళ్లూ ఉన్నాయి. 2025 మొదట్లో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చి, మార్చిలో పల్నాడు పసిపాప ఒకరు దాంతోనే చనిపోయాక కూడా ఆ పొదుపు కొనసాగడం తెలివి కాదు. చచ్చిన కోడిని లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

పశుసంవర్ధక శాఖ సిబ్బంది కొక్కెర తెగులు టీకా కోసం దొడ్డికి వచ్చినప్పుడు గూటి గడియ కూడా ఒకసారి లాగి చూడాలి. పొదుపు సంఘాలకు వనరాజ, గ్రామప్రియ పిల్లల్ని ఇచ్చే పథకం ఏదైనా సరే, ముందు గూటికి డబ్బిచ్చి, అది లేచాక పిల్లల్ని ఇవ్వాలి. గూటికి తీగ కలిపినట్టు ఎక్కడ కనిపించినా ఆ సిబ్బందో, పక్కింటివాళ్లో ఆ రాత్రికి ముందే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి చెప్పాలి.