మైదానంలో గెలిచిన సీటు, చేతికి రాని పట్టా

ఆటలో రాణించిన మన పిల్లవానికి కళాశాలలో ఉచితంగా సీటు వచ్చిందంటే మొహల్లా అంతా సంతోషిస్తున్నది. సంతోషించవలసినదే. కానీ ఆ సీటు అతనికి ఏమి ఇవ్వవలసి ఉన్నదో అడిగేవారు కరువయ్యారు. నాలుగేళ్లు కళాశాల జెర్సీ తొడిగి, పతకాలు తెచ్చిపెట్టి, చివరకు బ్యాక్‌లాగులతో ఇంటికి చేరిన విద్యార్థికి జరిగినది సహాయం కాదు. అతని శ్రమను చౌకగా కొనుక్కోవడం.

"సిరాజ్‌కు డిగ్రీ ఉన్నదా?" అని మన యువకులు అడుగుతున్నారు. లేదు. ఆటో డ్రైవర్ కుమారుడైన మహమ్మద్ సిరాజ్ ఇంటర్మీడియట్ వరకే చదివినా, తెలంగాణ ప్రభుత్వం విద్యార్హతను సడలించి 2024లో డీఎస్పీ పదవి ఇచ్చింది. ఆ గౌరవానికి అతడు అర్హుడే. అయితే ప్రపంచకప్ గెలిచిన జట్టు సభ్యునికి దక్కిన సడలింపు, జిల్లా స్థాయిలోనో రాష్ట్ర స్థాయిలోనో ఆడి ఆగిపోయే వేలాది పిల్లలకు దక్కుతుందా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నాటి క్రీడా విధానంలో ఉద్యోగాలలో క్రీడాకారుల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. దశాబ్దాలపాటు దస్త్రాలు చూసిన గుమాస్తాగా చెబుతున్నాను: కోటా పత్రం జతచేసినంత మాత్రాన విద్యార్హత గడి నిండదు. డిగ్రీ అడిగిన ఉద్యోగానికి డిగ్రీ లేని దరఖాస్తు పతకంతో సహా పక్కకు పోతుంది.

దేశంలో 20 ఏళ్లు పైబడినవారిలో పట్టభద్రులు, సాంకేతిక డిప్లొమా కలవారు సుమారు 7 శాతం కాగా, ముస్లింలలో 4 శాతం కన్నా తక్కువని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఇంత వెనుకబడిన సమాజం విశ్వవిద్యాలయంలో దొరికిన ఒక్క సీటునైనా పేరుకు మాత్రమే నింపి వదిలివేయగలదా?

విశ్వవిద్యాలయం ఉద్యోగపు మెట్టు మాత్రమే కాదు. మనిషి తన ఒప్పందాన్ని తానే చదువుకొని, తన హక్కును తానే వాదించుకొని, నేర్చినదాన్ని మరొకరికి నేర్పగలిగేలా చేసేది చదువు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా పట్టభద్రుడు, బడి పంతులు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందిన ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణాలు గెలిచింది. ఆటను ఆలోచనగా మార్చిన చదువు అది. మన విజయవాడ విలుకత్తె జ్యోతి సురేఖ కూడా కె.ఎల్. విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే అంతర్జాతీయ పతకాలు సాధించింది. ఆట, చదువు పరస్పరం శత్రువులు కావు.

మరి మోకాలు దెబ్బతిన్న రోజున ఫీజు రాయితీ ఏమవుతుంది? అమెరికాలో 1973 నుంచి క్రీడా స్కాలర్‌షిప్పులను ఏటేటా పొడిగించే పద్ధతి పెట్టారు. గాయపడినవాడు, శిక్షకునికి నచ్చనివాడు చదువు పోగొట్టుకునే ప్రమాదం ఏర్పడింది. ఆట సరిగా ఆడలేదన్న కారణంతో స్కాలర్‌షిప్ తీసివేయరాదని అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాలు తీర్మానించుకునే సరికి 2015 వచ్చింది. మనం అంతకాలం వేచి ఉండనవసరం లేదు.

తల్లిదండ్రులారా, సీటు అంగీకరించే ముందే నాలుగు సంగతులు వ్రాతపూర్వకంగా అడగండి. గాయమైనా కోర్సు ముగిసేవరకు రాయితీ కొనసాగుతుందా? పోటీలకు వెళ్లిన రోజులకు హాజరు ఇస్తారా? పోటీ వల్ల తప్పిన పరీక్షను మళ్లీ పెడతారా? తప్పిపోయిన పాఠాలకు ప్రత్యేక తరగతులు ఉంటాయా? కుమారుని కొరకే కాదు, కుమార్తె కొరకూ ఇవే అడగండి. ఒంటరిగా అడగడానికి జంకేవారి వెంట మసీదు కమిటీ పెద్దలు, సంఘ కార్యకర్తలు నడవాలి. ఇది యాచన కాదు, హక్కు.

మా కొండపల్లి బొమ్మ పండుగనాడు కొలువులో వెలిగి, పండుగ ముగిశాక పెట్టెలోకి వెళుతుంది. బొమ్మకు అది చెల్లుతుంది. మన బిడ్డలకు చెల్లదు.